స్వామి పాదాల దగ్గర పెట్టిన మందు

మా భజన మండలిలో ఒక పద్ధతి ఉంది. ముందు పాడేవాడు ఏ చరణం ఎత్తుకుంటే వెనక కూర్చున్న వాళ్లందరూ అదే అందుకోవాలి. ఎందుకని అడగకూడదు, ఆయనను ముందుకు తోయకూడదు. గోదావరిఖనిలో మా కాలనీ ఆంజనేయస్వామి గుడిలో చాలా ఏళ్లపాటు ముందు పాడింది మా అన్న. ఒక శనివారం సాయంత్రం అన్న ఒక కీర్తన రెండో చరణం పూర్తిచేసి, మళ్లీ రెండో చరణమే ఎత్తుకున్నాడు. మేం అందుకున్నాం. మళ్లీ అదే ఎత్తుకున్నాడు. మళ్లీ అందుకున్నాం. తాళాల వేగం పెరిగింది. మృదంగం వాయించే ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒక ముసలాయన లేచి చిందులు వేశాడు. హారతి అయ్యాక నలుగురైదుగురు అన్న కాళ్లకు మొక్కారు కూడా. ఈ రోజు స్వామి ఒంటి మీదికి వచ్చాడని గుడి మెట్లు దిగుతూ అందరూ చెప్పుకున్నారు.

ఆడవాళ్ల వరసలో కూర్చున్న వదిన ఒక్కతే మధ్యలో తాళం ఆపేసింది. ఇంటికి వెళ్లే దారిలో నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"తమ్మీ, అది భక్తి కాదు. మీ అన్నకు మూడో చరణం యాదికొస్తలేదు."

నేను నమ్మలేదు. ఆ కీర్తన నాకు నేర్పింది అన్నే. కీర్తన ఒక్కటే కాదు, నాకు వచ్చిన శ్లోకమూ పద్యమూ అన్నీ అన్న నోటి నుంచి వచ్చినవే. మా నాన్న పోయినప్పుడు నేను చిన్నవాణ్ని. అన్న బొగ్గుబాయిలో పనికి దిగి నన్ను చదివించాడు. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి, ఒంటి మీది బొగ్గు కడుక్కుని, బొట్టు పెట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఒక్క అక్షరం తప్పితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేవాడు. తర్వాత నేను బాయి ఆఫీసులో గుమాస్తాగా చేరి, శనివారాలు గుడిలో పురాణం చదివి అర్థం చెప్పేవాణ్ని అయ్యాను. చదువు నాది, గొంతు అన్నది. అట్లా మా మండలి నడిచింది.

అన్న బాయిలో సర్దారు. పని మొదలయ్యే ముందు తన చేతి కింది కూలీలకు పైకప్పు భద్రంగా ఉందో లేదో చూసి చెప్పడం సర్దారు పని. చేతికర్రతో పైన కొట్టి చప్పుడు వింటారు. గట్టిగా పలికితే పనిలోకి దిగవచ్చు. బోలుగా పలికితే అందరినీ వెనక్కి పంపాలి. రిటైరైన రెండో ఏడు అన్న ఆ పని ఇంట్లో మొదలుపెట్టాడు. కంపెనీ క్వార్టరు స్లాబు మీద చీపురు కర్రతో కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. ఒక రోజు వదిన రొట్టెల పిండి కలుపుతుంటే చెయ్యి పట్టి బయటికి గుంజాడు.

"బోలు పలుకుతున్నది. నడువ్, నడువ్. సామాను ఇడిసిపెట్టు, పానం కంటె ఎక్కువనా?"

వదిన పిండి చేతులతో ఎండలో నిలబడింది. పక్క క్వార్టరు ఆమె గోడ మీదుగా చూసి నవ్వింది. "ఏమాయె అక్కా, అన్న ఇంట్ల గూడ డ్యూటీ చేస్తున్నడా?"

"అవ్ చెల్లె. ఓవర్‌టైము," అంది వదిన. ఆమె కూడా నవ్వింది. అన్న లోపలికి పోయి మళ్లీ కొట్టి చూసి, సరే రమ్మని చెయ్యి ఊపేదాకా అక్కడే నిలబడింది.

ఏరియా దవాఖాన వాళ్లు హైదరాబాదు పంపారు. అక్కడి నరాల డాక్టరు స్కానింగు తీయించి, ప్రశ్నలు అడిగి, ఇది మరుపు జబ్బు అన్నాడు. మాత్రలు రాశాడు. ఇవి వేస్తే జబ్బు నడక కొంత మెల్లగా అవుతుందేమో గానీ, పోయింది తిరిగి రాదని దాచకుండా చెప్పాడు. తిరుగు రైలులో అన్న కిటికీ పక్కన కూర్చుని దారిలో కనబడ్డ ప్రతి స్టేషను పేరూ పైకి చదివాడు. నేను మనసులో స్వామిని ఒక్కటే అడిగాను. నడక తీసుకో, చూపు తీసుకో, మా పేర్లు మరిపించినా సరే. నోట్లో నామం మాత్రం ఉండనీ. జన్మంతా నిన్ను పాడినవాడు నిన్ను తెలియకుండా పోకూడదు. వదిన ఏం మొక్కుకుందో నాకు తెలియదు.

అన్న పనిచేసిన బాయిలోనే ఒక ఇంజనీరు సారు ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. శనివారాలు భజనకు వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. వాళ్లమ్మాయి రష్యాలో డాక్టరు చదువు చదువుతూ ఉండేది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు అన్న సంగతి విని, నన్ను ఇంటికి పిలిపించింది. ఫ్రిజ్ తెరిచి మూడు చిన్న సీసాలు బల్ల మీద పెట్టింది.

"మా అమ్మమ్మకి పక్షవాతం వస్తే ఆవిడ కోసం తెచ్చానంకుల్. నేను వచ్చేసరికే అమ్మమ్మ పోయింది. ముక్కులో వేసే చుక్కలివి. అక్కడ డాక్టర్లు రాస్తారు, మన దగ్గర దొరకవు."

ఏమిటని అడిగితే ఓపికగా చెప్పింది. మన ఒంట్లో ప్రోటీన్లు పెద్ద పెద్ద దండల్లాంటివట. ఒక్కో దాంట్లో వందల పూసలు. ఇది ఏడే పూసల చిన్న దండ. ఒంట్లోంచి తీసింది కాదు, ప్రయోగశాలలో ఒక్కో పూసా వరస ప్రకారం గుచ్చి తయారుచేస్తారు. ఇలాంటి వాటిని పెప్టైడ్లు అంటారు. మెదడు కణాలు ముసలివి కాకుండా, జ్ఞాపకం పోకుండా ఇవి కాపాడతాయా అని చాలా చోట్ల పరిశోధిస్తున్నారు.

"కాపాడుతయా అమ్మా?"

"పరిశోధిస్తున్నారంకుల్. అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధం అవుతుంది. ఎలుకల్లో బాగా కనిపించింది మనుషుల్లో కనిపించాలని లేదు. మీ డాక్టరుగారిని అడక్కుండా వెయ్యకండి. ఇంకో సంగతి, ఇవి చల్లగా ఉండాలి. రష్యా నుంచి ఐసు వేసిన ఫ్లాస్కులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను."

నా చేతిలో ఆ సీసా చిటికెన వేలంత ఉంది. ఏడు పూసలు. మేం నూటెనిమిది పూసల మాల తిప్పేవాళ్లం. ఇంత చిన్న మాలను మనిషి తయారుచేయగలిగాడంటే ఆ బుద్ధి ఎవరు ఇచ్చారు అనుకున్నాను. నాకు మందుకూ మొక్కుకూ మధ్య ఎన్నడూ గోడ లేదు. హైదరాబాదు డాక్టరుకు ఫోను చేస్తే, తనకు ఆ మందుతో అనుభవం లేదనీ, మేలు జరుగుతుందని చెప్పలేననీ, వేస్తే జాగ్రత్తగా కనిపెడుతూ ఉండమనీ అన్నాడు. అన్న ఇంట్లో ఫ్రిజ్ లేదు. సీసాలు మా ఇంట్లో పెట్టాం.

ఆ శనివారం గుడిలో ఈ కబురు తెలిసింది. మృదంగం ఆయనకు నోరు ఊరుకోదు. అవి తెలంగాణ గొడవ వేడిగా ఉన్న రోజులు.

"ఏం సారూ, ఆంధ్రోళ్ల మందు తెలంగాణ తలకాయకు పనిచేస్తదా?"

"మందు రష్యాదండీ బాబూ. మాకేం సంబంధం లేదు," అన్నాడు ఇంజనీరు సారు.

అందరూ నవ్వారు. అన్న అందరికంటే ఎక్కువ నవ్వి, "ఎవరికొరకురా మందు?" అని నన్ను అడిగాడు.

వైశాఖంలో వచ్చే పెద్ద హనుమాన్ జయంతికి మా గుడిలో సప్తాహం చేస్తాం. ఏడు రోజులు రాత్రింబవళ్లు భజన ఆగకూడదు, దీపం కొండెక్కకూడదు. బాయి పని మనుషులం కాబట్టి దానికీ షిఫ్టులే. ఫస్టు షిఫ్టుకు పోయేవాళ్లు సాయంత్రం పాడతారు, నైట్ షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి పొద్దున పాడతారు. ఒక జట్టు లేవక ముందే ఇంకో జట్టు తాళాలు అందుకోవాలి. ఇంకో ఆచారం కూడా ఉంది. బాయిలో దెబ్బ తగిలి, మళ్లీ డ్యూటీ ఎక్కబోయేవాడు తన టోపీని గుడ్డలో చుట్టి స్వామి పాదాల దగ్గర పెడతాడు. సంకల్పం చెప్పాక దాన్ని ముట్టకూడదు. ఏడో రోజు మంగళహారతి అయ్యాకే తీసుకుని, నెత్తిన పెట్టుకుని బాయి దిగుతాడు. అట్లా దిగినవాడికి ఏమీ కాదని మా నమ్మకం.

సప్తాహానికి ముందు రోజు వదిన వచ్చి సీసాలు అడిగింది. స్వామికి చూపించి, మంచిరోజున మొదలుపెడతానంది. అంతకంటే మంచి పద్ధతి ఏముంటుందని ఇచ్చాం. పాదాలకు తాకించి తెచ్చి, పక్క క్వార్టరు వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టుకుంటుందనే నేను అనుకున్నాను.

సప్తాహం అయిన మర్నాడు చుక్కలు మొదలయ్యాయి. అన్న తల వెనక్కి వంచి, వదిన ఒక్కో చుక్కా వేస్తుంటే "జల్ది కానీ, షిఫ్టుకు టైమైతున్నది" అని విసుక్కునేవాడు. కొన్నాళ్లకు ఒక శనివారం అన్న తానే ముందు వరసలోకి పోయి కూర్చున్నాడు. ఆ కీర్తనే ఎత్తుకున్నాడు. మొదటి చరణం. రెండో చరణం.  అన్న కళ్లు తెరిచి స్వామి వైపు చూసి మూడో చరణం పాడాడు. ఒక్క మాట తప్పలేదు. అందుకోవాల్సిన మేం అందుకోవడం మరిచిపోయాం. ఆడవాళ్ల వరసలో వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. ఆ రోజు ఇంజనీరు సారు గుడి బయట కొబ్బరికాయ కొట్టాడు.

అట్లా పాడడం అదే చివరిసారి.

వానలు మొదలయ్యేసరికి అన్నకు చరణాలు కాదు, కీర్తనలే పోయాయి. తాళాలు చేతికిస్తే తిప్పి తిప్పి చూసేవాడు. సీసాలు అయిపోయాయి. ఆ తర్వాతే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలన్నీ బందయ్యాయి. గోదావరిఖని మొత్తం రోడ్ల మీద ఉంది. అన్న వాకిట్లో కూర్చుని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి, "బాయి ఎందుకు నడుస్తలేదు? పైకప్పు కూలిందా? ఎందరున్నరు లోపల?" అని అడిగేవాడు. తెలిసినవాళ్లు "ఎవరు లేరన్నా, అందరం బయటనే ఉన్నం" అని చేతులు పట్టుకుని చెప్పేవాళ్లు. కాసేపటికి మళ్లీ అడిగేవాడు.

ఆ సమ్మె రోజుల్లోనే రష్యా నుంచి ఆ అమ్మాయి ఫోను చేసింది. అన్న ఎట్లా ఉన్నాడని అడిగింది. చెప్పాను. వెంటనే "ఫ్రిజ్‌లోనే ఉంచారు కదా అంకుల్?" అంది. ఉంచామన్నాను. ఆ సాయంత్రం వదినతో ఆ మాట ఊరికే అన్నాను. వదిన ముఖం వికసించింది.

"ఫ్రిజ్‌ల ఏంది తమ్మీ? సప్తాహం ఏడు దినాలు స్వామి పాదాల కాడనే ఉండె. టోపీలు పెట్టినట్టు పసుపు గుడ్డల చుట్టి పెట్టిన. సంకల్పం గూడ చెప్పిచ్చిన. అందుకే గదా ఆ పాట పాడిండు."

వైశాఖం ఎండ మా ఊళ్లో ఎట్లా ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. రేకుల కప్పు కింద గర్భగుడి. పక్కనే అఖండ దీపం. నైవేద్యం బెల్లం కూడా సాయంత్రానికి కరిగి ఆకు మీద పారేది. నేను బయటికి వచ్చి ఆ అమ్మాయికి ఫోను చేశాను.

"ఏడు రోజులా?" అంది. తర్వాత చాలా మెల్లగా మాట్లాడింది. "వేడికి దండ తెగిపోతుందంకుల్. పూసలుంటాయి, వరస ఉండదు. మీరు వేసింది చాలావరకు ఉప్పునీళ్లే అయి ఉండొచ్చు."

"మరి పాట పాడిండు గదమ్మా?"

"అలా ఒక్కో రోజు తేటగా ఉంటుంది వాళ్లకి. మందు వెయ్యకపోయినా ఉంటుంది."

"సల్లగ పెట్టి ఏస్తే నయమయ్యేదా?"

"తెలీదంకుల్. నిజంగా తెలీదు."

ఈ సంగతి వదినకు చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి? మందు అయిపోయింది. ఆమెకు మిగిలింది ఆ ఒక్క సాయంత్రం పాట. అది స్వామి ఇచ్చాడని ఆమె నమ్మింది. నేనూ అట్లాగే నమ్ముతున్నాను, ఇప్పటికీ.

కానీ మరుసటి వేసవిలో ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. నేను అడగకుండానే ఇంకొన్ని సీసాలు ఫ్లాస్కులో తెచ్చింది. ఇచ్చేటప్పుడు నా కళ్లలోకి చూసి, "ఈసారి" అని ఆగిపోయింది. వదినకు కబురు తెలిసి పరుగున వచ్చింది. చేతిలో కొత్త పసుపు గుడ్డ ఉంది.

"స్వామి ఎంత దయగలోడు తమ్మీ. సప్తాహం యాళ్లకే అచ్చినయి. ఇయ్యి, సంకల్పానికి పెడ్త."

నేను ఫ్రిజ్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఈసారి పెట్టొద్దు వదినె."

"ఎందుకు పెట్టొద్దు?"

ఏదైనా అబద్ధం ఆడవచ్చు. మైల అని చెప్పవచ్చు. నోరు రాలేదు. పైగా ఆమె ముఖం చూస్తుంటే, నేను చెప్పబోయేది సగం ఆమెకు అప్పటికే అర్థమైనట్టు అనిపించింది.

"ఎండకు పాడయితదట. గా అమ్మాయి చెప్పింది. సల్లదనంల లేకుంటే మందు మందు కాదట."

వదిన చేతిలో గుడ్డను చూసుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"అంటె పోయినేడు నేను ఏసింది?"

"పనిచేస్తదో చెయ్యదో గా డాక్టరమ్మకే తెల్వదు వదినె. తెల్వదనే చెప్పింది. నీ తప్పేం లేదు."

"నేను ఏసింది ఏంది తమ్మీ?"

"నీళ్లు."

ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. తర్వాత లేచి, "నువ్వే ఉంచు. నువ్వే ఎయ్యి. నా చేతుల పెట్టకు," అంది. ఆ గుడ్డను మా ఇంట్లోనే వదిలి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచే చుక్కలు మొదలుపెట్టాను. రోజూ పొద్దున సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి, ఐసు గిన్నెలో పెట్టుకుని, మా వీధి నుంచి అన్న క్వార్టరుకు నడిచేవాణ్ని. వదిన వంటగదిలోకి వెళ్లిపోయేది. నేను చుక్క వేస్తుంటే అన్న నా చొక్కా గుండీలు లెక్కపెట్టేవాడు. నేను చెవి దగ్గర నామం చెప్పేవాణ్ని. ఒక్కోసారి పెదవులు కదిలేవి. అది నామమో, గుండీల లెక్కో తెలిసేది కాదు. ఈసారి మందు చెడలేదు, ఒక్క పూటా తప్పలేదు. అయినా ఏ మార్పూ రాలేదు. ఏదో ఒక సాయంత్రం పాట పాడతాడని వానాకాలమంతా చూశాను. పాడలేదు.

అది చూసి నాకు మనసులో ఒక మూల కొంచెం తేలిక అనిపించింది. సిగ్గు పడకుండా చెబుతున్నాను. చల్లగా ఉంచినా పనిచేయలేదంటే, నిరుడు వదిన చేతుల్లో పోయిందేమీ లేదని అర్థం. ఆ మాట ఆమెతో అనాలి. ఆమెకు ఆ భారం దిగాలి. ఈ ఏటి సప్తాహం నాటి నుంచి ఆమె గుడి లోపలికి రావడం మానేసింది. శనివారం అన్నను తీసుకొచ్చి, బయట మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకునేది. లోపల భజన అవుతుంటే చెప్పుల వైపు చూస్తూ ఉండేది.

కార్తీకంలో ఒక శనివారం భజన ముగిశాక నేనూ వెళ్లి వాళ్ల పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అన్న దోసిట్లో ప్రసాదం శనగలు ఉన్నాయి. ఒక్కోటి ఏరి తింటున్నాడు.

"వదినె, ఈసారి మందు సక్కగనే ఉండె. అయినా గుణమియ్యలేదు. అంటె పోయినేడు గూడ ఇయ్యకపోవు. నువ్వు మనసుల పెట్టుకోకు."

"పోయినేడు మనిషి ఉండె తమ్మీ," అంది వదిన. "నన్ను పేరు పెట్టి పిలుస్తుండె. పాటలుండె. అప్పుడు ఏస్తే ఆగునేమో. ఇప్పుడు ఏం మిగిలిందని ఆపుతది మందు?"

అన్న చేతిలోంచి జారిన శనగను ఏరి మళ్లీ ఆయన దోసిట్లో వేశాను. 

ఆమె తల ఎత్తకుండానే మళ్లీ అడిగింది. "నాకంటె తెల్వదు. సదువు రానిదాన్ని. ఏడు దినాలు ఆయన ముంగటనే ఉండె గదా ఆ సీసాలు. ఎండకు పాడయితయని ఆయనకు తెల్వదా? ఎవ్వరితోనన్న ఒక్క మాట చెప్పియ్యొద్దా?"

అప్పుడే లోపల పురాణం చెప్పి వచ్చాను నేను. భక్తుడు పిలిస్తే స్వామి ఎట్లా పరుగున వస్తాడో అరగంట సేపు వివరించి వచ్చాను. మాటలన్నీ ఇంకా నోట్లోనే ఉన్నాయి. ఒక్కటీ ఆమెకు ఇవ్వదగ్గది లేదు. ఆయనకు తెలుసనే నేను నమ్ముతాను. తెలిసీ ఎందుకు ఊరుకున్నాడో అడగడానికి ఆమెకు హక్కు ఉందని కూడా నమ్ముతాను. ఆ రెంటినీ కలిపి చెప్పే వాక్యం నా చదువులో దొరకలేదు. రాష్ట్రం వచ్చేనాటికి అన్న పోయాడు. ఆ వాక్యం ఇంకా దొరకలేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద అన్న మా వైపు తిరిగాడు. వదిన ముఖంలోకి పరీక్షగా చూశాడు. దోసిట్లో మిగిలిన శనగలు ఆమె ముందుకు చాపాడు.

"తిను అక్కా. ఎవరింటి బిడ్డవో, పొద్దుగాల్నుంచి ఏం తిన్నట్టు లేవు."

వదిన కొంగు సర్దుకుని, రెండు చేతులూ పట్టి ఆ శనగలు తీసుకుంది.